కారు రొక్కానికి కొనాలా, లోన్‌లో కొనాలా? తరుగుదల లెక్కతో విశాఖవాసులకు సమగ్ర మార్గదర్శి

కారు కొందామని షోరూమ్‌కి వెళ్లినవాళ్లు వడ్డీ ఎంతని గుచ్చి గుచ్చి అడుగుతారు. ఐదేళ్ల తర్వాత ఇదే బండి ఎంతకి పోతుందని అడిగేవాళ్లు తక్కువ. జేబుకు పడే పెద్ద చిల్లు మాత్రం అక్కడే. పదకొండు లక్షలు పెట్టిన బండి మీద ఐదేళ్లలో బ్యాంకుకు పోయే వడ్డీ రెండు లక్షల లోపే ఉంటే, బండి విలువలో కరిగిపోయేది ఆరు లక్షల పైచిలుకు. రొక్కం ఇచ్చి కొన్నా, ఫైనాన్స్‌లో తెచ్చుకున్నా ఆ కరుగుడు ఒకటే. కాకపోతే లోన్ తీసుకున్నవాళ్లకు ఇంకో చిక్కుంది. అప్పు దిగే వేగం కంటే బండి ధర పడే వేగం ఎక్కువైతే, అమ్ముదామన్నా అమ్మలేరు, ప్రమాదంలో బండి పోతే లేని బండికి కిస్తీలు కట్టాలి.

కింద లెక్కలన్నిటికీ ఒకే బండిని తీసుకుందాం. ఎక్స్-షోరూమ్ 9.5 లక్షలు, ఆన్-రోడ్ 11.3 లక్షలు. చేతి నుంచి 3.3 లక్షలు, లోన్ 8 లక్షలు, వడ్డీ 9 శాతం. మీ బండి ధర వేరైతే ఆ నిష్పత్తిలో పెంచుకోండి, తగ్గించుకోండి.

మొదటి అడుగు: ఆన్-రోడ్ ధరను విడగొట్టించండి

కొటేషన్ కాగితం మీద మొత్తం ఒక్కటే ఉంటే వెనక్కి ఇచ్చేయండి. ఎక్స్-షోరూమ్, లైఫ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు, ఇన్సూరెన్సు, ఫాస్టాగ్, యాక్సెసరీలు, ఎక్స్‌టెండెడ్ వారంటీ, ఇలా విడివిడిగా రాసిమ్మనండి. ఇందులో అమ్మేటప్పుడు ఎంతో కొంత తిరిగొచ్చేది ఎక్స్-షోరూమ్ భాగమే. మిగతాదంతా షోరూమ్ గేటు దాటే లోపే ఖర్చు ఖాతాలో పడిపోయినట్టే. మన ఉదాహరణలో అది 1.8 లక్షలు.

లైఫ్ ట్యాక్స్ ధరల శ్లాబుల ప్రకారం పెరుగుతుంది, పది లక్షల గీత దాటగానే రేటు ఒక్కసారిగా ఎగురుతుంది. 9.8 లక్షల వేరియంటుకీ 10.2 లక్షల వేరియంటుకీ షోరూమ్ చెప్పే తేడా నలభై వేలే అయినా, రోడ్డు మీదకి వచ్చేసరికి తేడా అంతకు మించిపోవడానికి కారణం ఇదే. పది లక్షలు దాటిన బండికి 1 శాతం టీసీఎస్ (అమ్మేవాడు ముందుగానే వసూలు చేసే ఆదాయపు పన్ను) కూడా వసూలు చేస్తారు. అది పోయే డబ్బు కాదు, మీ పాన్ మీద జమవుతుంది, రిటర్ను వేసినప్పుడు సర్దుకోవచ్చు. కానీ రిటర్ను వేయనివాళ్లకు పోయినట్టే.

హ్యాండ్లింగ్ ఛార్జీలు, లాజిస్టిక్స్, ఎసెన్షియల్ కిట్ అని కనిపించే గీతల్ని కొట్టించేయండి. ఇన్సూరెన్సు డీలరు దగ్గరే తీసుకోవాలన్న నియమమేమీ లేదు. బయట కొటేషన్ తెచ్చి చూపిస్తే అదే పాలసీ ధర అక్కడికక్కడే దిగడం మామూలే. కొత్త కారుకు థర్డ్ పార్టీ (ఎదుటివాళ్లకు జరిగే నష్టానికి) మూడేళ్లకు, ఓన్ డ్యామేజ్ (మన బండికి జరిగే నష్టానికి) ఏడాదికి ఉంటుంది. పోల్చేటప్పుడు రెండింటినీ వేర్వేరుగా చూడండి.

రెండో అడుగు: ఎఫ్‌డీ మాయలెక్కలో పడకండి

షోరూముల్లో, బ్యాంకుల్లో, పెళ్లిభోజనాల దగ్గర ఒక లెక్క తరచూ వినిపిస్తుంది. "నీ 8 లక్షలు ఎఫ్‌డీలో 6.5 శాతానికి ఐదేళ్లు వేస్తే వడ్డీ 3.04 లక్షలు వస్తుంది. లోన్‌కి కట్టే వడ్డీ 1.96 లక్షలే. మరి లోన్ తీసుకుంటే లక్ష లాభం కదా!" అంకెలు రెండూ నిజమే. లెక్క మాత్రం తప్పు.

లోన్ తీసుకుంటే నెలకు 16,607 రూపాయల ఈఎంఐ ఎక్కడి నుంచి కడతారు? ఎఫ్‌డీ ముట్టుకోరు కాబట్టి జీతం నుంచే. రొక్కం పెట్టి కొన్నవాడికి ఆ 16,607 ప్రతి నెలా మిగులుతుంది. అతను దాన్ని అదే 6.5 శాతానికి రికరింగ్ డిపాజిట్‌లో వేస్తే ఐదేళ్లకు సుమారు 11.72 లక్షలవుతుంది. ఎఫ్‌డీ వేసినవాడి చేతికొచ్చేది 11.04 లక్షలు. అంటే రొక్కంవాడే 68 వేలు ముందున్నాడు. దీని మీద ఎఫ్‌డీ వడ్డీకి పడే ఆదాయపు పన్ను, లోన్ ప్రాసెసింగ్ ఫీజు, దాని మీద జీఎస్టీ కలిపితే దూరం ఇంకా పెరుగుతుంది. డిపాజిట్ వడ్డీ లోన్ వడ్డీ కంటే తక్కువ ఉన్నంతకాలం ఈ ఫలితం మారదు.

ఇందులో ఒక షరతుంది. రొక్కంతో కొన్నవాడు ఆ పదహారు వేలను నిజంగా దాచాలి. దాచలేని చేయి అయితే, అప్పే బలవంతపు పొదుపులా పనిచేస్తుంది. మీ చేయి ఎలాంటిదో మీకు తెలుసు, ఇంట్లోవాళ్లకు ఇంకా బాగా తెలుసు.

మూడో అడుగు: ఎవరు ఏ దారి

రొక్కం ఇచ్చేశాక కూడా ఆరు నెలల ఇంటి ఖర్చు, అత్యవసర వైద్యానికి కొంత, రాబోయే ఏడాదిలో కట్టాల్సిన కాలేజీ ఫీజు ఖాతాలో మిగిలి ఉంటే రొక్కానికే కొనండి. ఏ ఒక్కటి మిగలకపోయినా లోన్ మేలు. కారులో పెట్టిన డబ్బును ఆసుపత్రి కౌంటరు దగ్గర వెనక్కి తీయలేరు. అప్పుడు తెచ్చే పర్సనల్ లోన్ వడ్డీ కారు లోన్ కంటే చాలా ఎక్కువ.

మధ్య దారి ఒకటుంది, చాలామందికి తట్టదు. ఎఫ్‌డీని విరగ్గొట్టకుండా దాని మీదే లోన్ తీసుకోవచ్చు. సాధారణంగా డిపాజిట్‌లో 90 శాతం దాకా, డిపాజిట్ రేటు కంటే సుమారు ఒక శాతం ఎక్కువ వడ్డీకి ఇస్తారు. ఓవర్‌డ్రాఫ్ట్‌లా ఇస్తే, ఎంత వాడితే అంతకే వడ్డీ, ఎప్పుడు చేతికి డబ్బొస్తే అప్పుడు కట్టేయొచ్చు. అన్నిటికంటే ముఖ్యంగా ఆర్సీ మీద హైపోథికేషన్ (బండి బ్యాంకు తాకట్టులో ఉందన్న గుర్తు) పడదు. బండి మొదటి రోజు నుంచీ మీ పేరున శుభ్రంగా ఉంటుంది, అమ్ముకోవడానికి ఎవరి ఎన్ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) అక్కర్లేదు. ఇంట్లో పెద్దవాళ్ల ఎఫ్‌డీలుండి, నెలవారీ జీతం వచ్చేవాళ్లకు ఇంతకంటే చక్కని దారి లేదు.

జీతగాళ్లకు కారు లోన్ వడ్డీ మీద పన్ను మినహాయింపు లేదు. సొంత ప్రాక్టీసు ఉన్న డాక్టర్లు, వ్యాపారులు బండిని వృత్తికి వాడితే వడ్డీని ఖర్చుగా చూపొచ్చు, దాంతోపాటు ఏటా 15 శాతం చొప్పున తరుగుదల కూడా. ఆ సంవత్సరంలో 180 రోజుల కంటే తక్కువ వాడితే తరుగుదల సగమే, అంటే అక్టోబరు మొదటి వారం దాటాక కొన్నవాళ్లకు సగం. తరుగుదల రొక్కానికి కొన్నా దొరుకుతుంది. లోన్‌తో అదనంగా దొరికేది వడ్డీ ఒక్కటే. "పన్ను కోసం లోన్ తీసుకోండి" అని ఎవరైనా అంటే ఇది గుర్తుపెట్టుకోండి: వంద వడ్డీ కడితే ముప్ఫై పన్ను తగ్గుతుంది, డెబ్బై మాత్రం పోతుంది.

రొక్కమంటే నోట్లకట్టలు కాదు

ఫుల్ క్యాష్ అని మనం నోటిమాటగా అంటాం గానీ, ఒక లావాదేవీకి 2 లక్షలు, అంతకు మించి నోట్ల రూపంలో తీసుకోకూడదని ఆదాయపు పన్ను చట్టం చెబుతోంది. రోజుకో లక్ష చొప్పున విడగొట్టినా ఒకే కారు కాబట్టి అది ఒకే లావాదేవీ. జరిమానా నోట్లు తీసుకున్న డీలరుకే, తీసుకున్నంత మొత్తం. అందుకే డీలర్లు ఆర్‌టీజీఎస్ లేదా బ్యాంకర్స్ చెక్ అడుగుతారు.

మన ఇళ్లలో ఎక్కువగా జరిగే తప్పు ఇంకొకటుంది. డౌన్ పేమెంట్‌కి బావమరిది దగ్గరో, స్నేహితుడి దగ్గరో రెండు లక్షలు చేబదులు నోట్లుగా తెచ్చి ఖాతాలో వేసుకోవడం. 20 వేలు, అంతకు మించిన అప్పును నోట్లుగా తీసుకోవడం కూడా కుదరదు, ఇక్కడ జరిమానా అప్పు తీసుకున్న మీకే పడుతుంది. ఖాతా నుంచి ఖాతాకు వేయించుకోండి.

డీలరుకు పంపే డబ్బు డీలర్‌షిప్ కంపెనీ ఖాతాకే వెళ్లాలి. సేల్స్ కుర్రాడి ఫోన్ నంబరుకు బుకింగ్ అడ్వాన్సు సైతం వేయకండి.

నాలుగో అడుగు: లోన్ ఆకారం ముందు, వడ్డీ తర్వాత

8 లక్షలకు 9 శాతం వడ్డీతో మూడు కాలాలు చూడండి. మూడేళ్లయితే ఈఎంఐ 25,440, మొత్తం వడ్డీ 1.16 లక్షలు. ఐదేళ్లయితే 16,607, వడ్డీ 1.96 లక్షలు. ఏడేళ్లయితే 12,871, వడ్డీ 2.81 లక్షలు. ఏడేళ్ల ఈఎంఐ తేలిగ్గా కనిపిస్తుంది, సేల్స్‌వాళ్లు ముందు అదే చూపిస్తారు. అసలు ప్రమాదం వడ్డీలో కాదు, బాకీ మిగిలే తీరులో ఉంది.

ఇన్సూరెన్సు కంపెనీలు బండి విలువను, అంటే ఐడీవీని, వయసును బట్టి తగ్గిస్తూ పోతాయి. ఆరు నెలల లోపు 5 శాతం కోత, ఏడాది లోపు 15, రెండో ఏడు 20, మూడో ఏడు 30, నాలుగో ఏడు 40, ఐదో ఏడు 50 శాతం. మార్కెట్ ధర మోడల్‌ను బట్టి దీనికి కాస్త అటూ ఇటూ ఉంటుంది గానీ, బండి టోటల్ లాస్ అయితే చేతికొచ్చేది ఐడీవీయే.

ఇప్పుడు ఇద్దరు కొనుగోలుదార్లను పక్కపక్కన పెట్టండి. మొదటివారు 3.3 లక్షలు చేతి నుంచి వేసి, 8 లక్షలు ఐదేళ్లకు తీసుకున్నారు. ఏడాది అయ్యేసరికి బాకీ 6.67 లక్షలు, రెండో ఏటి ఐడీవీ 7.6 లక్షలు. మూడేళ్లకు బాకీ 3.64 లక్షలు, ఐడీవీ 5.7 లక్షలు. ఎప్పుడు అమ్మినా, ఎప్పుడు ఏమైనా చేతిలో కొంత మిగులుతుంది.

రెండోవారు "జీరో డౌన్ పేమెంట్" బోర్డు చూసి ఆన్-రోడ్ మొత్తం 11.3 లక్షలు ఏడేళ్లకు తీసుకున్నారు. ఈఎంఐ 18,181, మొదటివారి కంటే పదిహేను వందలే ఎక్కువ. ఏడాదికి బాకీ 10.09 లక్షలు, ఐడీవీ 7.6 లక్షలు. అప్పుడు బండి పోతే దాదాపు 2.5 లక్షలు జేబు నుంచి కట్టాలి, మళ్లీ బండి ఉండదు. మూడేళ్లు గడిచినా లోటు 1.6 లక్షలు. ఉద్యోగం మారి హైదరాబాద్ వెళ్లాల్సి వచ్చినా, ఇంట్లో అవసరం పడినా బండి అమ్మాలంటే ఎదురు డబ్బు కట్టాలి.

అందుకే మా కొలత ఇది: లోన్ ఎక్స్-షోరూమ్ ధరలో 85 శాతం దాటకూడదు, కాలం ఐదేళ్లు దాటకూడదు. లైఫ్ ట్యాక్స్, ఇన్సూరెన్సు, యాక్సెసరీలు అప్పుతో కొనకూడదు, ఎందుకంటే వాటికి మర్నాడు విలువుండదు. ఐదేళ్ల ఈఎంఐ భారంగా ఉందంటే కాలం పెంచకండి, బండి తగ్గించండి. తప్పనిసరై ఎక్కువ లోన్ తీసుకునేవాళ్లు ఇన్సూరెన్సులో రిటర్న్ టు ఇన్వాయిస్ కవర్ వేయించుకోవాలి. టోటల్ లాస్ అయినప్పుడు ఐడీవీకి, కొన్న ధరకు మధ్య ఖాళీని అది పూడుస్తుంది. సాధారణంగా మొదటి మూడేళ్లే ఇస్తారు.

ఐదో అడుగు: బ్యాంకు కాగితాల్లో చూడాల్సినవి

ముందు మీ జీతం పడే బ్యాంకులో మంజూరు పత్రం తీసుకుని ఆ తర్వాతే షోరూమ్‌కి వెళ్లండి. డీలరు తెచ్చే ఫైనాన్స్ మీద డీలరుకు కమీషను ఉంటుంది. చేతిలో వేరే మంజూరు ఉంటే బేరం మారుతుంది. "లోన్ మా దగ్గర తీసుకుంటేనే ఈ డిస్కౌంటు" అంటే, డిస్కౌంటును ఒకవైపు, అదనపు వడ్డీని మరోవైపు రాసుకుని చూడండి. ఐదేళ్ల 8 లక్షల లోన్‌లో ఒక శాతం వడ్డీ తేడా అంటే దాదాపు 23 వేలు.

ఫ్లాట్ రేటు వినబడితే చెవులు రిక్కించండి. "5.5 శాతమే" అన్న ఫ్లాట్ లెక్కలో 8 లక్షలకు ఐదేళ్ల వడ్డీ 2.2 లక్షలు, ఈఎంఐ 17,000. తగ్గుతున్న బాకీ మీద లెక్కేస్తే ఇది సరిగ్గా 10 శాతం లోన్. ప్రతి నెలా అసలు తగ్గుతున్నా, మొదటి రోజు అసలు మీదే చివరిదాకా వడ్డీ వేయడం వల్ల ఈ తేడా వస్తుంది. 2024 అక్టోబరు 1 నుంచి బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీలు రిటైల్ లోన్లకు కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్ తప్పనిసరిగా ఇవ్వాలి. అందులో వార్షిక శాతం రేటు అని ఒక అంకె ఉంటుంది, ఫీజులు కూడా కలిపిన అసలు ధర అదే. ఇద్దరు ఇచ్చే లోన్లను ఆ అంకెతో పోల్చండి, ఈఎంఐతో కాదు.

ముందే కట్టేస్తే ఛార్జీ ఉందా అన్నది సంతకానికి ముందు అడగాలి. చాలా కారు లోన్లు ఫిక్స్‌డ్ రేటువి, వాటికి ఒప్పందం ప్రకారం ఛార్జీ వేస్తారు. ఎన్ని నెలల తర్వాత, ఎంత శాతం, పాక్షికంగా కట్టనిస్తారా అన్నవి రాతలో చూడండి. పాక్షికంగా కట్టనిచ్చే లోన్ అయితే లాభం గట్టిదే: మన ఐదేళ్ల లోన్‌లో ఏడాది అయ్యాక బోనసు నుంచి లక్ష కట్టి, ఈఎంఐ అలాగే ఉంచితే మిగిలిన 48 వాయిదాలు 40కి దిగుతాయి, సుమారు 39 వేల వడ్డీ తప్పుతుంది. అదే లక్షను నాలుగో ఏట కడితే మిగిలేది చాలా తక్కువ. ఈఎంఐ తగ్గించమంటారా, కాలం తగ్గించమంటారా అని బ్యాంకు అడిగితే కాలమే చెప్పండి.

లోన్‌తో కలిపి అంటగట్టే లైఫ్ ఇన్సూరెన్సు తప్పనిసరి కాదు. దాని ప్రీమియం లోన్‌లో కలిపేస్తే దానికీ వడ్డీ పడుతుంది. ఖాళీ ఫారాల మీద సంతకాలు వద్దు, ముఖ్యంగా బండిని వేరేవాళ్ల పేరుకు మార్చే ఫారం 29, 30 మీద.

ఆరో అడుగు: ఎప్పుడు కొనాలి

ఆషాఢంలో, మూఢాల్లో మనవాళ్లు బండి ముట్టుకోరు. స్టాకు కదలదు కాబట్టి డీలర్లు ధర దించుతారు. పట్టింపు లేనివాళ్లకు అదే మంచి కాలం. పట్టింపు ఉన్నవాళ్లు ఆషాఢంలో బేరం ఖాయం చేసుకుని, ధర మారదని రాతలో తీసుకుని, శ్రావణంలో డెలివరీ పెట్టుకోవచ్చు. ఆశీలుమెట్ట సంపత్ వినాయకుడి గుడి దగ్గర పూజకు ఎలాగూ మంచిరోజు చూస్తారు కదా. రిజిస్ట్రేషన్ మాత్రం డెలివరీ నాటికే జరిగేలా చూసుకోండి.

డిసెంబరు డిస్కౌంటు వెనుక లెక్క వేరు. జనవరి రాగానే ఆ బండి నిరుటి మోడల్ అవుతుంది. ఎనిమిది, పదేళ్లు వాడేవాళ్లకు ఇది పట్టదు, డిస్కౌంటు జేబులో వేసుకోవచ్చు. నాలుగేళ్లలో అమ్మేవాళ్లు మాత్రం డిస్కౌంటు బండి ధరలో 5 శాతం మించితేనే తీసుకోవాలి. తయారైన నెల, ఏడు డీలరు ఇచ్చే ఫారం 21లో (సేల్ సర్టిఫికెట్) ఉంటుంది. సేల్స్‌వాళ్ల మాట కాదు, ఆ కాగితం చూడండి.

ధరను ఒక్క రాత్రిలో మార్చే సంగతులు మన చేతిలో ఉండవు. 2025 సెప్టెంబరు 22న చిన్న కార్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగినప్పుడు కొత్త బండ్ల ధర తగ్గింది, దాంతోపాటు సెకండ్ హ్యాండ్ ధరలూ దిగాయి. షెవర్లే 2017లో, ఫోర్డ్ 2021లో దేశంలో అమ్మకాలు ఆపేశాక వాటి ఓనర్లు రీసేల్‌లో దెబ్బతిన్నారు. అందుకే తొందరగా అమ్మే ఉద్దేశం ఉంటే బాగా అమ్ముడయ్యే కంపెనీ, మధ్య వేరియంటు, తెలుపు లేదా వెండి రంగు తీసుకోండి. టాప్ వేరియంటులో సన్‌రూఫ్‌కి మీరిచ్చిన లక్షన్నరలో సెకండ్ హ్యాండ్ కొనేవాడు ముప్పావు వంతు ఇవ్వడు.

డెలివరీకి ముందు

చాసిస్ నంబరు రిజిస్ట్రేషన్‌కి పెట్టకముందే బండి చూడాలి, ఆ తర్వాత మార్చడం కుదరదు. పగటి వెలుతురులో చూడండి. టైరు పక్కన నాలుగంకెల కోడ్ ఉంటుంది, 2325 అంటే 2025లో 23వ వారం. ఐదు టైర్లూ దగ్గర దగ్గరగా ఉండాలి. బ్యాటరీ తేదీ, ఓడోమీటరు, అద్దాల మీద ముద్రించిన ఏడు చూడండి. ఇక్కడ స్టాక్‌యార్డులు ఆరుబయట, ఉప్పుగాలిలో ఉంటాయి. బ్రేకు డిస్కుల మీద పల్చటి తుప్పు సహజం, నాలుగుసార్లు బ్రేకు కొడితే పోతుంది. సీటు పట్టాలు, బానెట్ కింది బోల్టులు, స్టెప్నీ గుంట తుప్పు పట్టి ఉంటే మాత్రం ఆ బండి నెలల తరబడి తడిసిందని అర్థం. వేరేది అడగండి.

ఏడో అడుగు: విశాఖలో బండి ధర ఎక్కడ పడిపోతుంది

ఊరిని బట్టి తరుగుదల మారుతుంది. ఇక్కడ మొదటి శత్రువు సముద్రం. అలలు విరిగేచోట లేచే సన్నటి ఉప్పు తుంపర గాలిలో కలిసి ఎంవీపీ కాలనీ, లాసన్స్ బే, పెదవాల్తేరు, రుషికొండ వైపు ఇళ్ల ముందు నిలిపిన బండ్ల మీద వాలుతుంది. ఉప్పు తేమను పట్టి ఉంచుతుంది, దాంతో గీత పడినచోట, స్పాట్ వెల్డింగ్ అతుకుల్లో, డోరు అడుగు మడతలో తుప్పు మొదలవుతుంది. పైకి పెయింటు మెరుస్తూనే ఉంటుంది. కొనడానికి వచ్చిన మెకానిక్ మోకాళ్ల మీద వంగి చూసేది ఆ అడుగుభాగాన్నే, ధర కోసేదీ అక్కడే.

చేయాల్సింది కష్టం కాదు, క్రమం తప్పకూడదంతే. పదిహేను రోజులకోసారి అడుగుభాగం, చక్రాల వంపుల లోపల మంచినీళ్లతో ఒత్తిడిగా కడిగించండి. మీ బోరునీరు ఉప్పగా ఉంటే దాంతో కడగడం వల్ల మేలు కంటే కీడే ఎక్కువ, చివరి కడుగు కుళాయినీళ్లతో చేయండి. డోర్ల అడుగున నీరు కారే చిన్న రంధ్రాలు ఉంటాయి, అవి మట్టితో పూడిపోతే నీరు లోపలే నిలిచి లోపలి నుంచి తినేస్తుంది. అగ్గిపుల్లతో తెరవండి. మూడు నెలలకోసారి మైనం పూత వేయించండి. రాయి తగిలి పెయింటు లేచినచోట ఆ వారమే టచప్ వేయాలి.

యాంటీ రస్ట్ కోటింగ్ కొత్త బండికి, పొడిగా ఉన్న అడుగుభాగానికి వేస్తేనే లాభం. అప్పటికే తుప్పున్నచోట పైన పూస్తే తేమను లోపల బంధించినట్టవుతుంది. సైలెన్సరు మీద, బ్రేకుల మీద, నీటి రంధ్రాల మీద పడకుండా దగ్గరుండి చూసుకోండి. బిగుతైన ప్లాస్టిక్ కవరు కప్పితే లోపల చెమ్మ పట్టి ఉప్పు పని ఇంకా సులువవుతుంది, గాలాడే గుడ్డ కవరు వాడండి. వారాల తరబడి ఊరెళ్తే హ్యాండ్‌బ్రేకు లాగి వదిలేయకండి, వెనక బ్రేకులు అతుక్కుపోతాయి. సమతలంగా ఉన్నచోట గేరులో పెట్టి చక్రాలకు రాళ్లు అడ్డం వేయండి.

మల్కాపురం, శ్రీహరిపురం, గాజువాక వైపు, పోర్టు చుట్టుపక్కల ఉండేవాళ్లకు సమస్య దుమ్ము. అందులో బొగ్గు, ఇనుము రేణువులుంటాయి. పొడిగుడ్డతో తుడిస్తే గరుకుకాగితం రుద్దినట్టే. ముందు నీళ్లు పోయాలి, ఆపైనే గుడ్డ. తెల్లబండి మీద గోధుమరంగు చుక్కలు తేలితే అది పెయింటు తుప్పు కాదు, అతుక్కున్న ఇనుపరజను. డిటెయిలింగ్‌వాళ్ల దగ్గర ఐరన్ రిమూవర్‌తో పోతుంది, గోకితే పెయింటు పోతుంది.

తుపాను సంగతి వేరుగా చెప్పాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు చెట్ల కింద ఉన్న బండ్లు నుజ్జయ్యాయి. ఓన్ డ్యామేజ్ పాలసీ తుపానుకు, వరదకు వర్తిస్తుంది, థర్డ్ పార్టీ ఒక్కటే ఉంటే పైసా రాదు. నీళ్లలో ఆగిన బండిని మళ్లీ స్టార్ట్ చేస్తే సిలిండర్‌లోకి నీరు చేరి కనెక్టింగ్ రాడ్లు వంగిపోతాయి. ఇంజిన్ ప్రొటెక్షన్ కవర్ లేకపోతే ఆ నష్టం మీదే. వానొస్తే చావులమదుం వంతెన కింద నీరు నిలుస్తుందని ఊరందరికీ తెలుసు, అయినా ప్రతి ఏడూ ఎవరో ఒకరు దూకిస్తారు.

జీరో డెప్ కవర్ (భాగాల మీద తరుగుదల కోయకుండా క్లెయిము ఇచ్చేది) ఐదేళ్ల దాకా వదలకండి. మామూలు పాలసీలో ప్లాస్టిక్, రబ్బరు భాగాల మీద సగం కోసేస్తారు, ఇప్పటి బండ్ల బంపర్లన్నీ ప్లాస్టిక్కే. చిన్న గీతలకు క్లెయిము వేయడం మాత్రం తెలివి కాదు. ఐదేళ్లు క్లెయిము లేకపోతే నో క్లెయిమ్ బోనస్ ఓన్ డ్యామేజ్ ప్రీమియంలో 50 శాతానికి చేరుతుంది. మూడు వేల డెంటింగ్ కోసం దాన్ని సున్నాకి దించుకోవద్దు.

ఇన్ని చేసినా తరుగుదలకు అసలు మందు ఎక్కువకాలం వాడటమే. మన బండిని ఐదేళ్లకు 4.75 లక్షలకు అమ్మితే నెలకు పడ్డ తరుగు దాదాపు 10,900. పదేళ్లు నడిపి 2 లక్షలకే ఇచ్చేసినా నెలకు 7,750. లోన్ ఐదేళ్లలో తీరిపోతే మిగతా ఐదేళ్లు ఈఎంఐ లేని బండి.

మొదటి దెబ్బ వేరేవాళ్లకు తగలనివ్వండి

మూడేళ్ల బండి కొంటే పెద్ద కోత అంతా మొదటి ఓనరు భరించేసి ఉంటాడు. విశాఖలో ఇందుకు మంచి వనరు ఉంది: తూర్పు నౌకాదళం, కేంద్ర సంస్థల్లో బదిలీలు ఎక్కువ. బదిలీ మీద వెళ్లేవాళ్లు సర్వీసు పుస్తకం సరిగా ఉన్న బండ్లను తొందరలో అమ్ముతారు. నంబరు ప్లేటు చూడండి. వేరే రాష్ట్రం బండి అయితే అక్కడి ఆర్టీవో నుంచి ఫారం 28 ఎన్ఓసీ తేవాలి, ఇక్కడ మళ్లీ లైఫ్ ట్యాక్స్ కట్టాలి. ఆ ట్యాక్సు ఎంతో తేలాకే ధర మాట్లాడండి. ఢిల్లీ నుంచి వచ్చే పదేళ్లకు దగ్గరపడ్డ డీజిల్ బండ్లు చవకగా కనిపించడానికి అక్కడ పదేళ్లు దాటిన డీజిల్ బండ్ల మీద పెట్టిన ఆంక్షలే ప్రధాన కారణం. ఎన్ఓసీ చేతిలో లేకుండా అడ్వాన్సు ఇవ్వకండి.

పాత ఏపీ 31 (విశాఖ) నంబరు బండ్లకు ఊరి గాలి ఎన్నేళ్లు తగిలిందో చూసి కొనాలి. లిఫ్ట్ మీద ఎక్కించి జాకీ పాయింట్లు, సస్పెన్షన్ బిగింపులు, స్టెప్నీ గుంట చూడండి. సీటు బెల్టును పూర్తిగా బయటకు లాగితే చివర బురద మరక కనబడితే అది నీట మునిగిన బండి. సెకండ్ హ్యాండ్ లోన్ వడ్డీ కొత్తదానికంటే ఎక్కువ ఉంటుంది, అందుకే ఇక్కడ రొక్కానికి బలం ఎక్కువ.

లోన్ తీరాక, అమ్మేటప్పుడు

చివరి ఈఎంఐ కట్టగానే పని అయిపోలేదు. బ్యాంకు నుంచి ఎన్ఓసీ, సంతకం చేసిన ఫారం 35 రెండు ప్రతులు తీసుకుని ఆర్టీఏలో హైపోథికేషన్ తీయించాలి. ఎన్ఓసీకి సాధారణంగా మూడు నెలల గడువే ఉంటుంది, బీరువాలో పెట్టి మరిచిపోతే మళ్లీ తిరగాలి. ఇన్సూరెన్సు పాలసీలో కూడా బ్యాంకు పేరు తీయించండి, లేకపోతే క్లెయిము చెక్కు బ్యాంకు పేరున వస్తుంది. లోన్ తీరిన 30 రోజుల్లో బ్యాంకు పత్రాలు ఇవ్వకపోతే, తప్పు వాళ్లదైతే రోజుకు 5,000 చొప్పున పరిహారం ఇవ్వాలని రిజర్వ్ బ్యాంకు నిబంధన. 2023 డిసెంబరు 1 నుంచి అమల్లో ఉంది, మర్యాదగా గుర్తుచేయండి.

అమ్మేటప్పుడు ఖాళీ ఫారాల మీద సంతకం పెట్టి బ్రోకర్‌కి తాళాలు ఇచ్చేయడం ప్రమాదం. రికార్డులో పేరున్నవాడే ఓనరని, ప్రమాదం జరిగితే బాధ్యత అతనిదేనని 2018లో సుప్రీంకోర్టు తేల్చింది. రిజిస్టరైన డీలరుకు ఇస్తే ఫారం 29సీ ఆన్‌లైన్‌లో పెట్టించండి. వ్యక్తికి అమ్మితే ఫారం 29తో 14 రోజుల్లో తెలపాలి, కొన్నవాడి ఆధార్ ప్రతి, తేదీ, సమయం రాసిన డెలివరీ కాగితం ఉంచుకోవాలి. ఫాస్టాగ్ ఆ రోజే మూసేయండి, లేదంటే కొన్నవాడి టోల్ మీ ఖాతాలోంచి పోతూనే ఉంటుంది. నో క్లెయిమ్ బోనస్ బండిది కాదు, మీది. కంపెనీ నుంచి రిజర్వింగ్ లెటర్ తీసుకుంటే మూడేళ్లలోపు కొనే కొత్త కారుకు వాడుకోవచ్చు. పేరు మారిన ఆర్సీ రవాణా శాఖ వెబ్‌సైటు పరివాహన్‌లో కనబడేదాకా వారానికోసారి చూస్తూ ఉండండి.